గాలికి ఆరిన సీసా

మా గాజు మేస్త్రి ఒక్క ఊపిరితో మనిషి పట్టేంత సీసా ఊదేవాడు. ఇది గాలికబురు కాదు. నేను స్వయంగా అందులోకి దిగి, మోకాళ్ళు ముడుచుకుని, ఒక మధ్యాహ్నం కునుకు కూడా తీశాను. లేచి చూస్తే చుట్టూ జనం మూగి నన్ను తొట్టెలో చేపని చూసినట్టు చూస్తున్నారు. సీసా మూతి సన్నం కదా, ఎలా దిగావు అని అడిగేవాళ్ళుంటారు. అడగనివ్వండి. అప్పట్లో నేను చాలా సన్నం.

అంతటి మేస్త్రిని కార్ఖానా వెనక పెరట్లో గాజు పెంకులు ఏరే పనికి దించారు. దించింది ఓనరు. దించేలా చేసింది సొంత బావమరిది.

కార్ఖానా మధ్యలో గుండ్రటి కొలిమి ఉండేది. దాని పెద్ద నోటికి ఎదురుగా మేస్త్రి పీట. పీట పక్కన గోడకి ఆనించి అతని ఊదుగొట్టం. దాని కొసన చెక్కమూతి అతని పెదవులకు అరిగి అరిగి, ఇంకెవరు నోట పెట్టుకున్నా ఇమడనంతగా అతనిదైపోయింది. షెడ్డు చివర ఇటుకలతో కట్టిన చిన్న గది ఒకటి. దాన్ని అందరూ చల్లగది అనేవారు. పేరుకే చల్లగది, లోపల చెయ్యి పెడితే తోలు ఊడుతుంది. అప్పుడే ఊదిన గాజుకి ఒక్కసారిగా గాలి తగిలితే పగిలిపోతుంది కాబట్టి, ఎర్రగా ఉండగానే ఆ గదిలో పెట్టి, తలుపు మూసి, దానంతట అది చల్లారేదాకా వదిలెయ్యాలి. ఆ తలుపు మధ్యలో తియ్యకూడదు. కార్ఖానాలో అడుగుపెట్టినవాడికి మొదటిరోజు చెప్పే మొదటి మాట అదే.

బావమరిదికి ఆ మాట చెప్పింది మేస్త్రే. ఊదుగొట్టం పట్టుకోవడం నేర్పిందీ, మొదటిరోజు బొటనవేలు కాల్చుకుంటే నీళ్ళ తొట్టిలో ముంచి పట్టుకున్నదీ అతనే. బావమరిదిని కార్ఖానాలో గలగల అనేవారు. జేబులో ఎప్పుడూ చిన్న చెకుముకి రాయి పెట్టుకుని తిరిగేవాడు. కొనేవాళ్ళు వస్తే దాన్ని సీసాలో పడేసి ఊపి, "వినండి సార్, మా సీసా మాట్లాడుతుంది" అనేవాడు. సీసా సంగతెలా ఉన్నా, అతను మాత్రం ఆగకుండా మాట్లాడేవాడు.

ఒకసారి మందుల కంపెనీకి పెద్ద జాడీలు కావలసి వచ్చాయి. మేస్త్రి వాటిని ఊది, ఊది, దవడలు పడిపోయేలా ఊది చల్లగది నింపాడు. మధ్యాహ్నం అందరూ భోజనాలకి పోయారు. సాయంత్రం తలుపు తీసేసరికి లోపల టిక్కు టిక్కుమని చప్పుడు. ఒక్కో జాడీ దానంతట అది చిట్లుతోంది. ఒక్కటి మిగల్లేదు.

ఓనరు నెత్తి పట్టుకున్నాడు. గలగల అతని పక్కన చేరి, గొంతు తగ్గించి, కానీ అందరికీ వినబడేలా అన్నాడు.

"మా బావని ఏమనకండి సార్. వయసు. ఊపిరి ఇదివరకట్లా నిలవట్లేదు. జాడీ గోడ ఒక పక్క మందం, ఒక పక్క పల్చన వస్తోంది. నేను చూస్తూనే ఉన్నాను, చెప్పలేకపోయాను."

మర్నాటికి మేస్త్రి పీట మీద గలగల కూర్చున్నాడు. మేస్త్రి చేతికి జల్లెడా చీపురూ వచ్చాయి. పగిలిన గాజుని రంగుల వారీగా ఏరి, కడిగి, మళ్ళీ కరిగించడానికి బుట్టల్లో పొయ్యడం అతని పని. మొట్టమొదట ఏరినవి ఆ జాడీల పెంకులే. ఏరుతూ ఒక్కోదాన్ని వేళ్ళ మధ్య పెట్టి చూసుకున్నాడు. మందం ఎక్కడా తేడా లేదు. అన్నీ సమానం. తన ఊపిరిలో తప్పులేదు. గాలి తగిలింది. ఎవరో తలుపు తీశారు.

ఎవరో అన్నది అదేరోజు ఇంట్లో తేలింది. గలగలకి పెళ్ళి కాలేదు, పక్క వాటాలో ఉంటూ అక్క చేతి వంటే తినేవాడు. రెండు క్యారియర్లూ ఆవిడే సర్ది పంపేది. ముందురోజు తమ్ముడు కార్ఖానాలోనే మరిచొచ్చిన క్యారియర్‌ని ఆ సాయంత్రం తోముతూ కేకేసింది.

"ఏమయ్యా, మావాడి క్యారియర్ చెక్కపిడి బొగ్గయిపోయిందేంటి? కొలిమిలో గానీ పెట్టి వండుకున్నాడా?"

మేస్త్రి వచ్చి పిడి చేతిలోకి తీసుకున్నాడు. వాసన చూశాడు. గలగల మధ్యాహ్నం కూడు వేడి చేసుకోవడానికి చల్లగది తలుపు తీసి క్యారియర్ లోపల పెట్టాడు. వేడెక్కేదాకా తలుపు ఓరగా వదిలేసి ఎవరితోనో కబుర్లకి పోయాడు. అంతే జరిగింది.

భార్యకి కూడా అర్థమైంది. చేతులు తుడుచుకుంది.

"వాడు నా తమ్ముడే. అయితే ఏం? పద, ఓనరు దగ్గరికి పోదాం. పిడి నేనే పట్టుకొస్తాను."

"వద్దు."

"ఎందుకొద్దు?"

మేస్త్రి పిడి ఊడదీసి గూట్లో దాచాడు. ఓనరుకి చెబితే న్యాయం జరుగుతుంది. గలగలకి నాలుగు చీవాట్లు పడతాయి, రెండు రోజులు మొహం మాడ్చుకుని తిరుగుతాడు, మూడోరోజు మళ్ళీ రాయి గలగలలాడిస్తాడు. మేస్త్రికి కావలసింది న్యాయం కాదు. తన పేరు నలుగురిలో ఎలా పగిలిందో వాడి పేరు అలాగే పగలాలి. అదీ అతని కళ్ళెదుట పగలాలి.

పగ అతనికి అలవాటైన వస్తువు కాదు. దాంతో ఎలా కాపురం చెయ్యాలో తెలియలేదు. తిండి సయించేది కాదు. నిద్రలో పళ్ళు నూరితే భార్య లేచి ఎలకలేమో అని వెతికేది. పగలు ఛాతీ బిగుసుకుపోయి దగ్గొచ్చేది. నిజంగానే ఊపిరి పోతోందేమోనని భయమేసి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాడు.

ఆవిడ గొట్టం పెట్టి వింది. వెనక్కి తిప్పి వింది.

"మీ ఊపిరితిత్తులు నాకంటే బాగున్నాయి. ఎవరి మీద కోపం?"

"ఎవరి మీదా లేదండీ."

"అలాగా. పొద్దున్నే కాసేపు కదలకుండా కూర్చోండి. ఊపిరి వస్తుంటే వస్తోందని చూడండి, పోతుంటే పోతోందని చూడండి. ఆ ఎవరి మీదా లేని కోపం వచ్చిందనుకోండి, వచ్చిందని చూడండి. తరమొద్దు. దాని వెంట పోవద్దు. పట్టుకుని కూర్చోవద్దు."

"మాత్రలేమీ ఇవ్వరా అండీ?"

"ఇదే మాత్ర."

మేస్త్రి చెప్పినపని చెప్పినట్టు చేసే మనిషి. మర్నాడు పొద్దున్నే వంటింటి గోడకి ఎదురుగా చాప వేసుకుని కూర్చున్నాడు. భార్య టీ గ్లాసు పట్టుకుని వచ్చి నిలబడింది.

"గోడ మీద ఏముందయ్యా?"

"గోడ కాదు. ఊపిరి చూస్తున్నా."

"కనబడిందా?"

"కనబడింది. దాని వెనకాలే మీ తమ్ముడు వస్తున్నాడు."

అతను కోపాన్ని తరమలేదు. దాని వెంటా పోలేదు. అక్కడిదాకా డాక్టరమ్మ మాట అక్షరాలా పాటించాడు. ఆ తరవాతే తేడా వచ్చింది. వచ్చిన కోపానికి చాప మీద కాస్త చోటిచ్చి, కూర్చోబెట్టి, ఏం చేద్దాం చెప్పు అని అడగడం మొదలుపెట్టాడు. మొదట్లో అది పిచ్చి పిచ్చి సలహాలిచ్చేది. ఊదుగొట్టంతో వాడి నడ్డి విరగ్గొట్టమంది. క్యారియర్‌లో పేడ కూరమంది. మేస్త్రి కదలకుండా వినేవాడు. విన్నకొద్దీ ఆ సలహాలు వాటంతట అవే రాలిపోయేవి. ఛాతీ బిగుతు తగ్గింది. దగ్గు పోయింది. చేతులు స్థిరపడ్డాయి. భార్య సంతోషించి, మా ఆయన మారిపోయాడని వీధంతా చెప్పుకుంది. పాపం, ఆవిడకి తెలియదు. అతని కోపంలోంచి పోయింది పొగే. మంట శుభ్రంగా, నీలంగా, నిలకడగా వెలుగుతోంది. కొలిమిలో అలాంటి మంట కోసమే మేస్త్రులు కాచుకుని కూర్చుంటారు.

అలా ఉండగా ఒక సాయంత్రం గలగల పళ్ళ సంచి పట్టుకుని వచ్చాడు. అక్క పెరట్లో బట్టలు తీస్తోంది. అతను బావ ఎదురుగా కింద కూర్చున్నాడు. కాసేపు నోట మాట రాలేదు. గలగలకి మాట రాకపోవడం చూసి మేస్త్రికి ముందే అర్థమైంది, వచ్చిన పని చిన్నది కాదని.

"బావా, సీసాలు కొనే పెద్ద పార్టీలు వస్తున్నారు. వాళ్ళ ముందు ఒక దళసరి సీసా చూపించాలిట, నా చేతిది. నచ్చితే నన్ను హెడ్డు మేస్త్రిని చేస్తానన్నాడు ఓనరు."

"మంచిదేగా. ఊదు."

"ఊదుతున్నా బావా. ఒక పక్కకి జారిపోతోంది. నీ గొట్టం నా మాట వినట్లేదు."

"గొట్టం వినదురా, ఊపిరి వినాలి."

"అదే. నువ్వొక్కటి ఊది పెట్టు. భోజనాల వేళ ఎవరూ ఉండరు, నేను గేటు దగ్గర కాపలా ఉంటా. మన ఇంటి పరువు బావా. నేను హెడ్డయ్యాక నిన్ను పెంకుల్లోంచి తీసేస్తా, ఒట్టు."

ఇంత సిగ్గులేనితనం ఎదురుగా కూర్చుంటే ఎవరికైనా రక్తం సలసల కాగాలి. మేస్త్రి తన ఊపిరిని చూసుకున్నాడు. కోపం వచ్చింది. వచ్చిందని చూశాడు. అది పక్కన కూర్చుని చెవిలో ఒక్క మాట చెప్పింది. అతనికి నవ్వొచ్చింది.

"అలాగేరా. నీ కోసం కాకపోతే ఇంకెవరి కోసం?"

మర్నాడు భోజనాల వేళ షెడ్డులో అతనొక్కడే. గలగల గేటు దగ్గర ఉన్నాడు. మేస్త్రి తన పీట మీద కూర్చుని, గొట్టం అందుకుని, చెక్కమూతిని మూడుసార్లు తుడిచి నోట పెట్టుకున్నాడు. కరిగిన గాజు ముద్ద కొసన తేనెలా వేలాడింది. తిప్పాడు, ఊదాడు, తిప్పాడు. ఎన్నో రోజుల పస్తు తరవాత కంచం ముందు కూర్చున్నట్టుంది అతనికి.

ఇక్కడ నేనొక మాట ఒప్పుకోవాలి. మనిషి పట్టేంత సీసా అన్నాను కదా. అంత సీసాని గలగల చేత్తో పట్టుకుని చూపించలేడు, కథ ఇక్కడే ఆగిపోతుంది. కాబట్టి నిజం చెబుతున్నా. మేస్త్రి జన్మలో ఊదిన అతిపెద్ద సీసా గుమ్మడికాయంత. నేను అందులో కునుకు తీసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. కునుకు తీసిన మాట నిజమే, సీసాల గడ్డిబుట్టలో తీశాను. ఈ సీసా ఇంకా చిన్నది, రెండు అరచేతుల్లో ఇమిడేది. అడుగు బాగా దళసరి.

దాన్ని మేస్త్రి చల్లగదిలో పెట్టలేదు. వెనక పెరట్లోకి తీసుకెళ్ళి, పెంకుల కుప్ప చాటున, ఉత్తగాలిలో ఆరబెట్టాడు.

అలా ఆరిన సీసాలు చాలావరకు అక్కడే చిట్లిపోతాయి. అదృష్టం బాగుండి ఒకటి నిలిచిందంటే, అది మామూలు సీసా కాదు. పైపొర ముందే గట్టిపడి లోపొరని బిగబట్టి ఉంచుతుంది. బయటనుంచి సుత్తి పెట్టి కొట్టినా దానికి చీమ కుట్టినట్టయినా ఉండదు. లోపల మాత్రం గోటి గీతంత గీత పడిందా, మొత్తం సీసా ఒక్క క్షణంలో వెయ్యి ముక్కలై ఎగురుతుంది. ఈ సంగతి మేస్త్రికి అతని గురువు చెప్పాడు. బావమరిదికి మేస్త్రి ఇంకా చెప్పలేదు. చెప్పేలోపే పీట మారిపోయింది.

సీసా నిలిచింది. ఎండలో పట్టి చూసుకుంటే ఎక్కడా తేడా లేదు. తన జీవితంలో ఇంత చక్కటి వస్తువు చెయ్యలేదనిపించింది. గలగల పార్టీల ముందు దీన్ని పట్టుకుంటాడు. జేబులోంచి చెకుముకి తీస్తాడు. లోపల వేస్తాడు. ఊపుతాడు. ఆపైన వాడి మొహం ఎలా ఉంటుందో మేస్త్రి ఎన్నో పొద్దులుగా చూస్తూనే ఉన్నాడు.

పార్టీలు వచ్చినరోజు షెడ్డు ఊడ్చి నీళ్ళు చల్లారు. ఓనరు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పనివాళ్ళంతా అర్ధచంద్రంలా నిలబడ్డారు. పెంకుల బుట్ట చంకన పెట్టుకుని వెనక ఎక్కడో ఉండాల్సిన మేస్త్రి, ఎలా వచ్చాడో ముందు వరసకి వచ్చేశాడు. అక్కడినుంచి గలగల మొహం బాగా కనబడుతుంది.

గలగల సీసా ఎత్తి పట్టుకున్నాడు. వేలితో వాయించాడు.

"నా చేత్తో ఊదింది సార్. నా ఊపిరి ఇది. ఇప్పుడు వినండి, ఇది మాట్లాడుతుంది."

అతని కుడిచెయ్యి జేబులోకి వెళ్ళింది.

సరిగ్గా అప్పుడు మేస్త్రికి తెలిసింది తను ఊపిరి బిగబట్టి ఉన్నాడని. ఎప్పటినుంచో మరి. ఛాతీ రాయిలా ఉంది. రోజూ పొద్దున్నే ఊపిరి చూస్తున్నానని కూర్చుని, నిజానికి వాడి మొహాన్నే చూస్తూ వచ్చాడు. ఆ మొహాన్ని ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే, ఆ మొహం కింద ఏముందో ఇన్నాళ్ళూ చూడనేలేదు. ఇప్పుడు చూశాడు. చేతులున్నాయి. సీసాని పట్టుకున్నవి అయిదు, జేబులో రాయి వెతుకుతున్నవి అయిదు, పది వేళ్ళు. ఒక బొటనవేలికి పాత కాలిన మచ్చ. పెంకు నరం మీద పడితే ఆ చెయ్యి ఇక గొట్టం తిప్పలేదు, క్యారియరూ మొయ్యలేదు.

మేస్త్రి ఊపిరి వదిలాడు.

కోపం పోయిందనుకుంటున్నారేమో. ఎక్కడికీ పోలేదు. పక్కనే నిలబడి ఉంది. కాకపోతే ఇప్పటిదాకా అది అతని చొక్కా పట్టుకుని లాగుతోంది, ఇప్పుడు చొక్కా వదిలింది. నీకు వాడి పేరు కావాలా, వేళ్ళు కావాలా అని మేస్త్రి దాన్ని అడిగాడు. పేరు చాలంది. అయితే నా వెనక రా అన్నాడు.

బుట్ట కింద పెట్టి, నాలుగడుగులు వేసి, సీసాని బావమరిది చేతిలోంచి మెల్లగా తీసుకున్నాడు.

"ఏంటి బావా ఇది? అందరూ చూస్తున్నారు."

"చూడనీరా. సీసా బాగుంది. చల్లగదిలో ఎంతసేపు పెట్టావు?"

గలగల కళ్ళు అటూ ఇటూ తిరిగాయి. "పెట్టాల్సినంతసేపు. ఒక పగలూ, ఒక రాత్రీ."

"తలుపు తియ్యలేదుగా మధ్యలో?"

"నేనెందుకు తీస్తాను బావా!"

"మంచిది." మేస్త్రి అక్కడున్న సుత్తి తీసుకుని సీసా నడుం మీద ఠప్పున కొట్టాడు. ఓనరు "అయ్యో" అన్నాడు. పార్టీల్లో ఒకాయన కళ్ళు మూసుకున్నాడు. సీసా చెక్కుచెదరలేదు. ఇంకోసారి కొట్టాడు. షెడ్డంతా ఆశ్చర్యం. గలగల ఛాతీ ఇంత వెడల్పయింది.

"చూశారా సార్! నా సీసా! నేను ఊదింది!"

"ఇంకోసారి చెప్పరా, వెనకవాళ్ళకి వినబడలేదు."

"నేను ఊదింది!"

మేస్త్రి సీసాని ఇసక తొట్టిలో నిలబెట్టాడు. అందరినీ వెనక్కి జరగమన్నాడు. సీసా మీద ఒక గోనెపట్టా కప్పి, గలగల చేతిలోని చెకుముకిని తీసుకుని, పట్టా చిరుగులోంచి సీసా లోపలికి జారవిడిచాడు.

ఢామ్మంది. పట్టా ఒకసారి పైకి లేచి కూలబడింది. ఎత్తి చూస్తే సీసా లేదు. ఇసక మీద తళతళలాడే పొడి, నాలుగు పెద్ద పెంకులు.

మేస్త్రి ఒక పెంకు తీసి ఓనరు చేతిలో పెట్టాడు. గొంతు పెంచలేదు.

"చల్లగదిలో సరిగ్గా ఆరిన గాజు ఇలా పోదు ఓనరుగారూ. ఇది నేను ఊదింది. వీడికి ఊదడం రాక నా దగ్గరికొచ్చి అడిగాడు. నేను కావాలనే గాలిలో ఆరబెట్టాను. ఆ తప్పు నాది. మరి ఆ రోజు జాడీలకి గాలి ఎవరు పెట్టారో వీడు చెబుతాడు. వీడు చెప్పకపోతే ఇంట్లో కాలిన క్యారియర్ పిడి ఉంది, అది చెబుతుంది. ఏరా, మీ అక్క అడుగుతోంది, అదెందుకు కాలిందట?"

గలగల అందరి మొహాలూ చూశాడు. ఒక్క మొహంలోనూ చోటు దొరకలేదు. చివరికి పసివాడిలా అన్నాడు.

"చల్లటి కూడు నాకు గొంతు దిగదు బావా."

పార్టీల్లో కళ్ళు మూసుకున్నాయన కళ్ళు తెరిచి పకాలున నవ్వాడు. ఇక షెడ్డంతా నవ్వింది. మేస్త్రి ఆ మొహాన్ని చూశాడు. తను రోజూ పొద్దున్నే చూసుకున్న మొహమే. చూసి, బాగుందనుకుని, తన పీట వైపు వెళ్ళిపోయాడు. ఓనరు ఆపలేదు. అప్పటికే చీపురు గలగల కాళ్ళ దగ్గరికి నడిచొచ్చేసింది.

ఆ తరవాత మేస్త్రి బావమరిదిని ఒక్క మాట అనలేదు. రోజూ సాయంత్రం పెరట్లోకి వెళ్ళి బుట్టలు మాత్రం చూసేవాడు. తెల్లవాటిలో ఒక పచ్చ పెంకు తీసి చూపించి, "మళ్ళీ ఏరు" అనేవాడు. అంతే.

"తీరిందా?" అని భార్య ఒకరోజు అడిగింది.

"తీరింది."

"మరి వాడి చేత రెండేసిసార్లు ఏరిస్తున్నావట?"

"అది పని."

"ఈల వేసుకుంటూ చేస్తున్నావట?"

మేస్త్రి గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. ఊపిరి వచ్చింది, పోయింది. పచ్చ పెంకు దొరికినప్పుడల్లా లోపల ఎక్కడో తియ్యగా ఉంటోంది. ఉందని చూశాడు. మర్నాడు బుట్టలో ఒక్క పచ్చ పెంకు కూడా లేదు. గలగల అంత శ్రద్ధగా ఏరాడు. మేస్త్రి మొహం వాడిపోయింది. వాడిందని కూడా చూశాడు. ఆపై సాయంత్రం పెరట్లోకి వెళ్ళలేదు. భోజనాల వేళ తన క్యారియర్ మూత తీసి, కొలిమి పక్క వెచ్చటి ఇటుక మీద కాస్త చోటు చూపించి, "ఇక్కడ పెట్టుకుని చావు, తలుపు జోలికి పోకు" అని గలగలని కేకేశాడు.

ఇందులో నేను కల్పించింది ఇంకొక్కటే ఉంది, చెప్పేస్తాను. గోనెపట్టా. అసలు ఆ రోజు అక్కడ పట్టా ఏమీ లేదు. మేస్త్రి అందరినీ వెనక్కి జరగమన్న మాట నిజమే. బావమరిదికి మాత్రం ఆ మాట కొంచెం ఆలస్యంగా చెప్పాడు. ఒక పెంకు ఎగిరొచ్చి గలగల ఎడమచెవి తమ్మెకి చిన్న గాటు పెట్టి పోయింది. అలా జరుగుతుందని తెలిసే చేశావా అని నేను మేస్త్రిని అడిగాను. అతను గోడ వైపు తిరిగి తన ఊపిరి చూసుకున్నాడు.